ఊడ్చేసిన కేకలు

పొద్దున్నే ఐదింటికల్లా చీపురక్క వీధి మొదట్లో ఉండేది. లాక్‌డౌన్ పెట్టాక ఆ వేళకి బయట తిరిగే పాసు పోలీసులకీ, పాలవాడికీ, ఆమెకే. బళ్ళు లేవు, కాగితాలు విసిరేవాళ్ళు లేరు. అయినా చెత్తకేం కొదవ లేదు. రాత్రి ఇళ్ళల్లో అరుచుకున్నవన్నీ కలిసిపోవడానికి బండ్ల రొద లేక, కిటికీల్లోంచి జారి గుమ్మాల ముందు చప్పుడు లేకుండా పడుండేవి. ఎండ తగిలితే మాత్రం మళ్ళీ మోగుతాయి. అందుకే తెల్లారేలోపు ఊడ్చెయ్యాలి. నవ్వులు ఉల్లిపొట్టులా తేలిక, చీపురు తగలకముందే ఎగిరిపోతాయి. ఏడుపులే తడిగుడ్డల్లా నేలకి అతుక్కుంటాయి. గోకాలి.

"మా గుమ్మం ముందు ఊడ్చెయ్ అక్కా," అనేవాడు పాలవాడు. "మా ఆవిడ గొంతు రెండోసారి వినే ఓపిక లేదు నాకు."

"నీ గొంతే ఎక్కువుంది పోరా," అనేది.

మూడో ఇంటి దగ్గర మాత్రం ఆమెకి వేళాకోళం వచ్చేది కాదు. అది టైలరమ్మ ఇల్లు. మొగుడి ఆఫీసు మూసేశారు, ఆయన రోజంతా ఇంట్లోనే. ఆ గుమ్మం ముందు ఆవిడ కేకలు కుప్పలుగా, ఇంకా వేడిగా ఉండేవి. రోజుకో గోతం. చీపురక్క వాటిని చెత్తబండిలో వెయ్యలేదు. మూతికి ముడి వేసి, రెండు చుట్లు చుట్టి లోపలికి ఒక దోపు దోపి, పోలీస్ స్టేషన్‌కి మోసుకెళ్ళేది. అక్కడ హెడ్ కానిస్టేబుల్ ఆమె తమ్ముడే. చంకనేసుకుని పెంచింది, చీపురు పట్టి చదివించింది.

"అక్కడ పెట్టక్కా. సాక్ష్యం కదా, పైకి పంపిస్తా."

"ఒకసారి వెళ్ళి చూసిరారా."

"క్వారంటైన్ ఇళ్ళు, చెక్‌పోస్టులు, ఊపిరాడట్లేదే బాబూ. నేను చూసుకుంటాగా. నా మీద నమ్మకం లేదా?"

లేకేం.

నెల తిరిగేసరికి స్టేషన్ గోడకి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ నెలలో ఒక్క నేరం లేదట. "దొంగలు కూడా ఇంట్లోనే కూర్చున్నారక్కా!" అని నవ్వాడు తమ్ముడు. ఇరుగుపొరుగు కూడా మాకేం వినపడలేదన్నారట. వాళ్ళు లేచేసరికి వీధి అద్దంలా ఉండేది మరి. ఊడ్చింది తనేనని చీపురక్కకి అప్పుడు తట్టింది.

మర్నాడు మూడో ఇంటి ముందు ఏమీ లేదు. తలుపు తెరుచుకుని టైలరమ్మే బయటికొచ్చింది. పెదవి వాచింది, చేతిలో చిన్న సంచి. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. గొంతంతా గోతాల్లోకి వెళ్ళిపోయింది. గుర్తులు పెట్టే సుద్దముక్కతో కొంగు మీద రాసింది: అమ్మ దగ్గరికి.

"పద," అంది చీపురక్క.

చెక్‌పోస్ట్ చేరేసరికి ఎండొచ్చింది. పాసుల కోసం పెద్ద లైను. బారికేడ్ దగ్గర తమ్ముడే ఉన్నాడు.

"పాసుందామ్మా? లేదు కదా. ఇంటికెళ్ళండి. ఇల్లే క్షేమం."

"ఒరేయ్, ఈవిడేరా మూడో ఇల్లు!"

"తెలుసక్కా," అన్నాడు ఆమె కళ్ళలోకి చూడకుండా. "వాళ్ళాయన ఇందాకే ఫోన్ చేశాడు. తీసుకెళ్ళడానికి వస్తున్నాడు."

చీపురక్క తల దించుకుంది. బారికేడ్ కాళ్ళ మీద గాలికి కదలకుండా గోతాలు పేర్చున్నాయి. ప్రతి మూతికీ రెండు చుట్లు, లోపలికి దోపు.

"ఇవి ఇక్కడున్నాయేంట్రా?"

"ఇసుక దొరకలేదక్కా. ఇవి మంచి బరువు."

ఆమె తిట్టలేదు. చీపురు పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, మొదటి ముడి విప్పింది. ఎండ లోపలికి దిగింది. కేకలు లేచి తిన్నగా తమ మనిషిని వెతుక్కున్నాయి. టైలరమ్మ గొంతు ఒకసారి ఎగిసిపడింది.

"నేను ఆ ఇంటికి వెళ్ళను. వెళ్తే చంపేస్తాడు."

లైను లైనంతా వెనక్కి తిరిగింది. బరువు తగ్గిన బారికేడ్ గాలికి ఓ జానెడు జరిగింది, ఇంకో జానెడు జరిగింది. టైలరమ్మ ఆ సందులోంచి అవతలికి నడిచింది. ఆపడానికి లేచిన తమ్ముడి లాఠీ, అన్ని కళ్ళ ముందు, అలాగే దిగిపోయింది.

తమ్ముడు వంగి పళ్ళబిగువున అన్నాడు. "నా పరువు తియ్యకక్కా. నీకు దణ్ణం పెడతా. ఏదైనా ఉంటే ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడుకున్నవే కదరా, నేను రోజూ ఊడుస్తున్నది," అని చీపురక్క రెండో గోతం ముందుకి లాక్కుంది.