ఎడమ చేతి గోళ్ళు

శుక్రవారం సాయంత్రం వరండాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్న పద్మజను చూసి అత్తగారు నొసలు చిట్లించారు.

"శుక్రవారం పూట గోళ్ళు తీస్తావేంటమ్మాయ్? అందులోనూ ఒక్క చేతివేనా?"

"గిటారుకి ఎడమ చేతివి తీస్తే చాలత్తయ్యా" అంది పద్మజ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కొడుకుతో అన్నారు, "మీ ఆవిడకి నలభై ఆరేళ్ళకి చిన్నతనం తిరిగొచ్చిందిరా" అని. జోగారావు నవ్వి, "రానీ అమ్మా, కూర మాడకుండా ఉంటే చాలు" అన్నాడు. పద్మజ అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

తణుకు నుంచి వచ్చి హైదరాబాదు శివార్లలోని మచ్చ బొల్లారంలో స్థిరపడి పదిహేడేళ్ళు. జోగారావుకి ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం. పద్మజ మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. పాఠాలతో పాటు, బడికి పెద్దవాళ్ళెవరొచ్చినా టీలు, ఫలహారాలు కూడా ఆమె పనే. "మీకైతే ఇంట్లో అలవాటే కద మేడం" అంటాడు బడి నడిపే హేమచంద్, అదేదో బిరుదు ఇచ్చినట్టు. నిజమే, అలవాటే. ఆమెకు వచ్చిన పనులన్నిటికీ ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని రుచి చూసేవాళ్ళు. ఉప్పు తగ్గిందనో, ఇస్త్రీ సరిగ్గా లేదనో, క్లాసులో పిల్లల మార్కులు తగ్గాయనో చెప్పేవాళ్ళు. సరిగ్గా రాని పని ఒకటి చేతిలో పట్టుకుని, రాకపోయినా పరవాలేదని కూర్చున్న రోజు పెళ్ళయ్యాక ఒక్కటి కూడా ఆమెకు గుర్తులేదు.

ఆ బడికే శనివారాలు సంగీతం చెప్పడానికి ఆతియా వచ్చేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నల్ల దుపట్టా తలమీంచి జారకుండా పిన్ను పెట్టుకుని, ముప్ఫై మంది అల్లరి పిల్లల ముందు కూర్చుని తీగలు మీటేది. నాలుగు మీటులకే గది సద్దుమణిగేది. వెనక బల్ల మీద నోట్‌బుక్కులు దిద్దుకునే పద్మజ చేతిలో ఎర్ర కలం ఆగిపోయేది. ఈ పిల్ల ఎంత నెమ్మదిగా, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేనట్టు కూర్చుంటుందో అనుకునేది. ఒక శనివారం పిల్లలంతా వెళ్ళిపోయాక, ఉండబట్టలేక అడిగేసింది.

"నాలాంటి దానికి వస్తుందా ఆతియా? నలభై ఆరేళ్ళమ్మా నాకు."

"గిటార్‌కు ఎడమ చేతి ఏళ్ళు నాలుగుంటే సాలు మేడం" అంది ఆతియా.

ఆ పిల్ల అన్నది వేళ్ళ గురించని అర్థం కావడానికి పద్మజకు ఒక క్షణం పట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తను మొదట నేర్చుకున్న పాత గిటారును ఆతియా మరుసటి వారమే తెచ్చి ఆమె చేతికిచ్చింది.

ఆ గిటారు పద్మజను నెలన్నర పాటు ఏడిపించింది. 'సి' అనే కార్డ్, అంటే స్వరాల గుత్తి, పలకాలంటే మూడు వేళ్ళు మూడు తీగల మీద ఒకేసారి ఆనాలి. ఒకటి ఆనితే రెండోది జారేది, రెండూ నిలబడితే మూడోది పక్క తీగను తాకి బుస్సుమనేది. అక్కణ్ణుంచి 'జి' కార్డ్‌కి మారడానికి ఒక్కో వేలినీ రెండో చేత్తో తీసి పెట్టుకోవాల్సి వచ్చేది. అలా తంటాలు పడుతుండగా ఒకరోజు జోగారావు తలుపు సందులోంచి ఫోన్‌లో వీడియో తీసి, 'మా ఇంటి కచేరీ' అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పావుగంటలో పదిహేడు నవ్వు మొహాలు వచ్చాయి. 'వదినా, అన్నయ్య చెవులు జాగ్రత్త' అని ఆడపడుచు రాసింది. వీడియోలో పద్మజ నాలుక బయటపెట్టి, కనుబొమలు ముడేసి, హోంవర్క్ చేస్తున్న తన మూడో తరగతి పిల్లల్లాగే ఉంది. తన మొహం అలా ఉంటుందని ఆమెకే తెలీదు. "సరదాకి పెట్టాను, దానికింత ఇదైపోవాలా?" అన్నాడు జోగారావు. ఆమె గిటారును బీరువా వెనక పెట్టేసింది.

శనివారం ఆ సంగతి విని ఆతియా నవ్వలేదు, జాలీ పడలేదు.

"మా మేనత్త ఓ పెండ్లిల అందరి ముంగట నన్ను ఎక్కిరిచ్చింది మేడం. రెండు రోజులు ఏడ్చిన. మూడోనాడు గిటార్ ముంగట కూసున్న. ఇగ లేవలే" అంటూ పద్మజ చెయ్యి అందుకుని వేళ్ళ కొసలు చూసింది. తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. "గిన్నెలు తోమినంక పట్టుకుంటున్నరా?"

"పనంతా అయ్యాకే కదా తీరిక దొరికేది."

"అందుకే గిట్లయితాంది. నీళ్ళల్ల నానితే తోలు మెత్తవడ్తది, తీగ కోస్తది. ముందుగాల గిటార్ వాయించుండ్రి. గిన్నెలు ఎనుక."

ఇంటికొస్తూ బస్సులో పద్మజ ఆ మాటే తలుచుకుంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమెకు సంబంధించినవన్నీ 'పనయ్యాక' జరిగేవి. పుట్టింటికి ఫోను పనయ్యాక, పేపరు పనయ్యాక, జ్వరమొస్తే పడుకోవడం కూడా పనయ్యాకే. తనదైనదేదో పనికంటే ముందు రావాలని ఆమెతో అన్నవాళ్ళు లేరు. అదీ ఓదార్చడానికి చెప్పిన మాట కాదు, తోలు గురించి, తీగ గురించి చెప్పిన మాట. అందుకే ఆమె దాన్ని నమ్మింది.

ఆ సోమవారం నుంచి బడి నుంచి రాగానే అరగంట గిటారు. టిఫిన్ డబ్బాలు, పొద్దుటి గిన్నెలు సింకులో ఉండేవి. ఒకరోజు తొందరగా ఇంటికొచ్చిన జోగారావు, "సింకు నిండిపోయింది, చూశావా?" అన్నాడు. "చూశాను" అంది, చెయ్యి ఆపకుండా. "మరి?" అన్నాడు. "ఐదున్నరకి" అంది. అతను వంటింట్లోకెళ్ళి తన కాఫీ తనే కలుపుకున్నాడు. వేళ్ళ కొసలు మెల్లగా గట్టిపడ్డాయి.

మూడో నెలలో ఒక ఆదివారం ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తామని కబురు పంపింది. "భోజనాలయ్యాక నీ గిటారు తీద్దువుగాని, మా చెల్లెలు చూడాలంటోంది" అన్నాడు జోగారావు పెదాల చివర నవ్వుతూ. వినాలంటోంది అనలేదు, చూడాలంటోంది అన్నాడు. ఆదివారాలు పదకొండింటికి మేడ్చల్‌లో ఆతియా ఇంట్లో పాఠం. పద్మజ పదిన్నరకల్లా పప్పు, రెండు కూరలు చేసి, చీర మార్చుకుని గిటారు భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు జోగారావు.

"పాఠానికి. అన్నం కుక్కర్లో పెట్టుకోండి. వడ్డన మీరు చూసుకోండి."

"చుట్టాలొస్తుంటే గడప దాటతావా?" అన్నారు అత్తగారు.

"రెండింటికల్లా వచ్చేస్తానత్తయ్యా."

"ఈ ఒక్క రోజుకీ మానెయ్యకూడదూ?" అన్నాడు జోగారావు.

"ఒక్కరోజని మొదలుపెట్టి నేను చాలా మానేశానండీ" అంది. గిటారు గోడకి తగలకుండా పట్టుకుని మెట్లు దిగింది.

ఆతియా వాళ్ళ ఇల్లు మేడ్చల్ ఊరి చివర, ఆకుకూర మళ్ళ పక్కన. ఆతియా తల్లి సైదా అరుగు మీద కూర్చుని బజారుకి పాలకూర కట్టలు కడుతోంది. పద్మజ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాట మొదలుపెట్టింది. నాలుగే కార్డులు, పిల్లల పాట. రెండో చరణంలో ఒక వేలు తప్పింది. "ఆగకుండ్రి" అంది ఆతియా చిన్నగా. ఆగలేదు. 'సి' నుంచి 'జి'కి వేళ్ళు మూడూ ఒక్కసారే లేచి, ఒక్కసారే వాలాయి. ఎవరో తన చేతిని పట్టుకుని తీసుకెళ్ళినట్టు అనిపించింది పద్మజకు. పాట చివరిదాకా వచ్చింది. ఇన్ని రోజుల్లో చివరిదాకా రావడం అదే మొదటిసారి.

కట్టలు కడుతున్న సైదా చేతులు ఆగిపోయి ఉన్నాయి. "మంచిగున్నది" అంది ఆమె. "ఇంగోసారి కొట్టవా అమ్మా."

అంతలో ఫోన్ మోగింది. జోగారావు. "పెరుగు ఎక్కడ పెట్టావ్?" వెనక ఆడపడుచు నవ్వు వినబడుతోంది.

"ఇంట్లోనే ఉందండీ, వెతకండి" అని పెట్టేసింది పద్మజ. తన పెళ్ళయ్యాక, ఏదైనా ఇంకోసారి కావాలని ఎవరైనా అడిగితే అది అన్నమో, కూరో, కాఫీనో అయ్యేది. ఆమె గిటారును ఒళ్ళోకి సర్దుకుని, సైదా వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంది.