పుట్టింట్లో పిల్లల గది

ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన నోట్లో బ్రష్షుతోనే వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పారు. "పిల్లల గదికి నీ పేరే ఇచ్చేశాను. నువ్వుంటే నాకు బెంగ ఉండదు."

ఏడాదికోసారి జరిగే మా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సభ సంగతి అది. సంఘానికి ఆయనే సెక్రెటరీ. సభకి వచ్చేవాళ్ళు పిల్లల్నీ మనవల్నీ వెంటేసుకుని వస్తారు. వాళ్ళు హాల్లో గోల చేయకుండా వెనకవైపు గదిలో కూర్చోబెట్టి ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. ఒకటో తరగతి టీచర్ని కదా, నాకు సరదాగా ఉంటుందట. నేనూ అక్కడే చదివానన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆయన చదివిన ఎమ్మెస్సీ లెక్కలే, ఆయన క్లాసులోనే, ఆయన కంటే ముందు బెంచీలో కూర్చుని చదివాను.

"ఈసారి కుదరదండీ. లెక్కల మేడమ్ వచ్చి మాట్లాడతారు కదా. నేను హాల్లో ఉండాలి" అన్నాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ అన్నాను.

ఆయన నోరు పుక్కిలించి వచ్చారు. "వీడియో తీయిస్తున్నాంలే. తర్వాత తీరిగ్గా చూసుకో. ఆ చెయ్యి మడత సరిగ్గా రాలేదు, చూడు."

నాకు తీరిక ఎప్పుడు దొరుకుతుందో పాతికేళ్ళుగా చూస్తున్న మనిషి ఆ మాట అన్నారు. నేను చెయ్యి మడత చూశాను. మళ్ళీ ఇస్త్రీ చేశాను. ఒక్కోసారి నా చేతులంటే నాకే ఒళ్ళు మండుతుంది. నోరు కాదన్న పనిని అవి చేసుకుంటూ పోతాయి.

చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకునేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "మొగుణ్ణి నువ్వు అంటావేంటమ్మా, వినేవాళ్ళు నవ్విపోతారు" అన్నారు. అప్పట్నుంచీ నేను మీరు అంటున్నాను. ఆయన్ని మాత్రం ఎవరూ వంటింట్లోకి పిలవలేదు. ఉద్యోగం సంగతీ అలాగే తేలిపోయింది. నాకు కాలేజీలో లెక్చరర్‌గా అవకాశం వస్తే, "రెండు బస్సులు మారాలి. ఇల్లెవరు చూస్తారు?" అన్నారు ఆయన. వీధి చివర స్కూల్లో ఒకటో తరగతి ఖాళీ ఉందని ఆయనే కనుక్కుని వచ్చారు, అదేదో నాకు నగ చేయించినట్టు. "సాయంత్రం టీ టైముకి ఇంట్లో ఉంటావు" అన్నారు. ఆ టీ ఎవరు తాగుతారో, ఎవరు పెడతారో వేరే చెప్పక్కర్లేదు. "అఆలు నేర్పడానికి అంత చదువు దేనికి వదినా?" అని ఆడపడుచు నవ్వింది. స్కూల్లో హెడ్‌మాస్టారు ఇంకో మెట్టు పైన ఉన్నారు. ఏ టీచరు రాకపోయినా, "మీ చిన్నపిల్లలకేముందమ్మా, ఆడుకుంటారు. మీరు ఆ క్లాసు కూడా చూడండి" అంటారు. మీటింగు పెడితే బిస్కెట్లు పళ్ళెంలో సర్దే పనీ నాకే.

ఇంతమంది కలిసి నన్ను ఆ ఒకటో తరగతిలోకి తోశారు. కానీ అందులో ఉండిపోయింది మాత్రం నేనే. ఆ పిల్లలంటే నాకు ప్రాణం. అంకె మొదటిసారి అర్థమైనప్పుడు వాళ్ళ మొహం మారే తీరు చూడటం కోసం నేను ఎన్ని బిస్కెట్లయినా సర్దుతాను. ఆ సంతోషంలో మా ఇంట్లో ఎవరికీ వాటా లేదు.

ఇక యూనివర్సిటీ. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. దాని ముద్ర ఉన్న కప్పు అంచు పగిలినా పారేయలేదు. అత్తగారు అందులో పాత స్పూన్లు వేసి పెడితే తీసి కడుక్కుని మళ్ళీ అందులోనే టీ తాగాను. "నీకు మేం రెండో సంసారం తల్లీ, మొదటిది అదే" అని ఆవిడ దెప్పేవారు. ఆయనైతే సభ దగ్గరపడగానే, "పుట్టింటికి ప్రయాణమా?" అని ఏడిపిస్తారు. నిజమే, పుట్టిల్లే. నన్ను నా ఇంటిపేరుతో పిలిచిన చోటు అదొక్కటే. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క పట్టుకుంటే క్లాసంతా నోరు మూసుకుని విన్న చోటు కూడా అదే. కాకపోతే పుట్టింటికి వెళ్ళిన ఆడపిల్లకి అక్కడా పనే అప్పజెప్తారని, ఆమె కూడా సంతోషంగా కొంగు బిగించి చేసేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రతి ఏడూ పిల్లల గదిలో రంగు పెన్సిళ్ళు పంచుతూ, నేను నా యూనివర్సిటీకి సేవ చేస్తున్నానని పొంగిపోయాను. ఎంత వెర్రిదాన్ని!

లెక్కల మేడమ్ సంగతి చెప్పాలి. స్కూల్లో చేరబోయే ముందు సర్టిఫికెట్ల కోసం డిపార్ట్‌మెంటుకి వెళ్ళాను. ఒకటో తరగతి అని చెప్పగానే అక్కడున్న మాస్టార్లు చావు కబురు విన్నట్టు మొహాలు పెట్టారు. మేడమ్ ఒక్కరే కళ్ళజోడు పైకి తోసుకుని, "సున్నా అంటే ఏమిటో ఆరేళ్ళ పిల్లకి చెప్పగలవా? నాకైతే చేతకాదు. నీకు దారి దొరికితే వచ్చి చెప్పు" అన్నారు. నాకు అది దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒకరోజు క్లాసు పిల్లలందర్నీ బయటికి తీసుకొచ్చి, కిటికీలోంచి లోపలికి చూడమన్నాను. "ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే, ఎప్పుడూ ముక్కు కారుతూ ఉండే ఒక పిల్ల, "మనం లేం టీచర్. గది ఉంది" అంది. దానికి సున్నా అర్థమైంది. నిజం చెప్పాలంటే నాక్కూడా అప్పుడే అర్థమైంది. అప్పటికి మేడమ్ రిటైరై ఎక్కడికో వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళకి ఇప్పుడు వస్తున్నారు. మంచం మీంచి లేచి వస్తున్నారనీ, మళ్ళీ రాలేరనీ ఆయనే ఎవరితోనో ఫోన్లో చెప్తుంటే విన్నాను.

అయినా సభ రోజు నేను పిల్లల గదిలోనే తేలాను. ఎదురుగా కార్లు ఆగుతున్నాయి, తండ్రులూ తాతయ్యలూ పిల్లల్ని గుమ్మంలో దింపి, "టీచరమ్మ చెప్పినట్టు వినాలి" అని బుగ్గ గిల్లి వెళ్ళిపోతున్నారు. నేను కాదంటే పిల్లలు ఏమైపోతారు? సరిగ్గా ఆ ప్రశ్న మీదే వీళ్ళంతా హాయిగా బతుకుతున్నారు. గోడ అవతల మైకులో ఆయన గొంతు వినిపించింది. అందరికీ ధన్యవాదాలు చెప్తూ, "వెనక గదిలో మా ఆవిడ ఉంది. ఇంట్లో నన్ను అదుపులో పెడుతుంది, ఇక్కడ మీ పిల్లల్ని" అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాత మేడమ్ గొంతు. ఎంత పీలగా ఉందంటే గోడ దాటేసరికి ఒక్క మాటా మిగల్లేదు. నేను గోడకి చెవి ఆనించాను. పూర్వ విద్యార్థిని, సొంత యూనివర్సిటీలో, దొంగలా గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. సిగ్గేసింది. ఆ వెంటనే సిగ్గుపడాల్సింది నేను కాదని తోచి, కోపం తన్నుకొచ్చింది.

"పిల్లలూ, చప్పుడు చేయని రైలు తెలుసా?" అన్నాను. అందరూ లేచారు. ముందువాళ్ళ చొక్కా వెనకవాళ్ళు పట్టుకోవాలి, రెండో చెయ్యి నోటి మీద. పిల్లల్ని ఇలా నడిపించడం మా స్కూల్లో నాకు రోజూ ఉన్న పని. అందరూ బయటికొచ్చాక గుమ్మం దగ్గర ఆపి, "ఇప్పుడు గదిలో ఎంతమంది?" అని అడిగాను.

"ఎవరూ లేరు" అన్నారు.

"ఎవరూ లేకపోతే ఎంతమంది అనాలి?"

"బొమ్మలున్నాయిగా" అన్నాడొక బుడతడు. పక్కనున్న పిల్ల వాణ్ణి మోచేత్తో పొడిచి, "సున్నా" అంది. అందరూ గుసగుసగా "సున్నా" అన్నారు.

హాలు తలుపు తోసి మధ్య దారిలో నడిచాను, వెనకాల రైలు. ఒక్కొక్క తలే మావైపు తిరిగింది. మేడమ్ చదువుతున్న కాగితం దించి చూశారు. ఆయన స్టేజీ మెట్లు గబగబా దిగి వచ్చి, పళ్ళ బిగువున, "ఏంటిది? నువ్విక్కడుంటే ఆ గదిలో ఎవరున్నారు?" అన్నారు.

పిల్లలు నోటి మీద చేతులు తీసేసి, ఒక్క గొంతుతో, "సున్నా!" అని అరిచారు.

నవ్వులు లేచాయి. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు. మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఎవరమ్మా ఆవిడ?" అన్నారు.

గుర్తుపట్టలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన వెనక్కి తిరిగి, "మా ఆవిడండీ. చిన్నపిల్లల టీచరు" అని జవాబిచ్చేశారు.

పిల్లల వైపు తిరిగాను. "ఎవరి నాన్న దగ్గరికి, ఎవరి తాతయ్య దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోండి" అన్నాను. రైలు విడిపోయి వరసల్లోకి పరిగెత్తింది. కోట్లు నలిగాయి, ఫోన్లు కిందపడ్డాయి, ఎవరో తాతగారు ఒళ్ళో పడ్డ మనవణ్ణి ఏం చేయాలో తెలియక నా వైపు చూశారు. నేను చూపు తిప్పేసుకున్నాను. నా చేతులు ఖాళీ అయ్యాయి. ఆయన మాత్రం ఇంకా దారికి అడ్డంగానే ఉన్నారు, పొద్దున నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాలో.

"నువ్వు కాస్త పక్కకి జరుగు" అన్నాను.

అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచిన రోజు తర్వాత, 'నువ్వు' అన్న మాట నా నోట వినడం ఆయనకి అదే మొదలు. జరిగారు.

మెట్లెక్కి మేడమ్ ముందు నిలబడ్డాను. నా పేరు చెప్పాను, పుట్టింటి ఇంటిపేరుతో సహా. తర్వాత అన్నాను. "మీరిచ్చిన లెక్క చేసుకొచ్చాను మేడమ్."