మూడు మిల్లీమీటర్లు

జెల్లు చల్లగా ఉంటుంది.

పొట్ట మీద పడగానే ఎవరైనా ఉలిక్కిపడతారు. బిడ్డ కావాలని వచ్చినవాళ్ళూ, వద్దనుకుని వచ్చినవాళ్ళూ — అందరూ ఒకేలా. అందుకే ఆమె ఆ జెల్లు సీసాని ముందుగా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్దుతుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. అలా చేయమని ఏ నియమంలోనూ లేదు.

ఆసుపత్రిలో అందరూ ఆమెని స్కానింగక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

గది చిన్నది. కిటికీకి నల్లగుడ్డ. ఒక మంచం, ఒక యంత్రం, గోడ మీద ఒక కాగితం.

కాగితం కొత్తది. ఆరు నెలల కిందట వచ్చింది. పైన ప్రభుత్వ ముద్ర, కింద వరసగా నియమాలు. గర్భం వద్దనుకునే ఆడదానికి పన్నెండు వారాలు దాటకూడదు. మొదటి స్కానింగుకీ డాక్టరు సంతకానికీ మధ్య ఐదు రోజులు ఆగాలి — ఆలోచించుకోవడానికట. సంతకం రోజున మళ్ళీ కొలవాలి. తెరని ఆవిడ వైపు తిప్పాలి. లోపలి గుండె చప్పుడు ఒక నిమిషం వినిపించాలి. ‘విన్నాను’ అని ఆవిడ చేత సంతకం పెట్టించాలి.

ఒక్క నిమిషం.

అది ఎంత పొడుగో ఆమెకి ఈ ఆరు నెలల్లోనే తెలిసింది.

ఆ చప్పుడంటే ఆమెకి ఇష్టం. అందులో అబద్ధం లేదు. పిల్లల కోసం ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఆ మంచం మీద పడుకున్న ఆడవాళ్ళకి ఆమే శబ్దం పెంచి వినిపించేది. గుర్రప్పిల్ల పరిగెడుతున్నట్టు... టకటక, టకటక... వాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆమెకీ కళ్ళు తడిసేవి.

ఇప్పుడూ అదే చప్పుడు. అదే మీట.

వినేవాళ్ళు గోడ వైపు తిరిగి ఏడుస్తారు. ఆమె గడియారం చూస్తూ కూర్చుంటుంది.

తెర మీద చిన్న చెయ్యి కదలడం ఆమె చూస్తుంది. అక్కడ ఏమీ లేదని తనకి తాను ఎన్నడూ చెప్పుకోలేదు. మంచం మీద ఇంకో మనిషి ఉంది — అదీ చూస్తుంది. ఆ మనిషి పాదాలు పగిలి ఉండటం, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకోవడం, చీటికీ మాటికీ తలుపు వైపు చూడటం... అన్నీ చూస్తుంది.

చూసి చూసి అలసిపోయింది.

ఇంట్లో సాయంత్రం టీవీ నడుస్తుంది. టీవీలో సభ. సభలో వారాల మీద వాదన. పన్నెండు ఎక్కువ, పది చేయాలని ఒకాయన. ఎవరి ఒళ్ళు వాళ్ళ ఇష్టమని ఒకావిడ. ఆవిడ మాట పూర్తి కాకముందే నలుగురు లేస్తారు. బల్లలు చరుస్తారు. రేపటికి వాయిదా.

స్కానింగక్క అత్తగారు బఠాణీలు ఒలుస్తూ చూస్తుంది. ఆవిడకి ఎనభై దాటాయి. ఒకరోజు ఉన్నట్టుండి అంది:

“నాకు ఏడుగురు. ఎంతమంది కావాలే అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదమ్మాయ్.”

“అడిగితే ఎంతమందని చెప్పేవారు అత్తయ్యా?”

ముసలావిడ ఇంకో కాయ ఒలిచింది.

“ఏమో. ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే పని నాది కాదనుకున్నా.”

మూడు నెలల కిందట ఒక పిల్ల వచ్చింది. భుజాన కాలేజీ సంచి. వెంట ఎవరూ లేరు. యంత్రం పన్నెండు వారాల మూడు రోజులు చూపించింది.

“ఇంకోసారి చూడవా అక్కా.”

ఇంకోసారి చూసింది. అంతే వచ్చింది. ఉన్నదున్నట్టు రాసింది. ఆ పిల్ల ఏడవలేదు. సంచి జిప్పు వేసుకోవడం మర్చిపోయి, అలాగే వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత ఆయా చెప్పింది. ఆ పిల్లని పై వార్డుకి తెచ్చారట. ఎవరిచ్చారో, ఏమిచ్చారో తెలియదట. మంచం కింద దాకా రక్తమట.

బతికింది. అంతే తెలుసు.

పైకి వెళ్ళి చూద్దామని రెండుసార్లు మెట్ల దాకా నడిచింది. రెండుసార్లూ వెనక్కి వచ్చింది. తన తప్పేమీ లేదు. ఉన్నదే రాసింది. ఉన్నదే రాశాను... ఉన్నదే రాశాను... అన్నం కలుపుతుంటే అదే. దువ్వెన పట్టుకుంటే అదే.

అలాంటి రోజుల్లో టైలరమ్మ వచ్చింది.

ముప్పై నాలుగేళ్ళు. రెండు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో వారం రోజులు తెలివిలేకుండా పడి ఉంది. మళ్ళీ ఇలాంటిది పెట్టుకోవద్దని అప్పట్లోనే చెప్పారు. పెట్టుకోలేదు. జాగ్రత్తపడింది. అయినా వచ్చింది.

ఫారంలో ‘కారణం’ అని ఉంటుంది. దాని కింద మూడు గీతలు. టైలరమ్మ మొదటి గీత మీద ‘నాకు వద్దు’ అని రాసింది. గుమాస్తా తిప్పి పంపాడు. ఇది కారణం కాదన్నాడు.

“మరి ఇంకేం రాయాలి అక్కా?” అని స్కానింగక్కని అడిగింది. “మా ఆయన అర్థం చేసుకున్నాడు. మా అమ్మ అర్థం చేసుకుంది. ఈ మూడు గీతలకే అర్థం కావడం లేదు.”

రెండో కాన్పు సంగతి రాయమని స్కానింగక్క చెప్పింది. రాసింది. మూడు గీతల్లో ఆ వారం రోజులు పట్టలేదు. చివరి మాటలు అంచు మీద నిలువుగా రాయాల్సి వచ్చింది.

ఆ రోజు కొలత నలభై ఒక్క మిల్లీమీటర్లు. సరిగ్గా పదకొండు వారాలు. ఇంకా వారం వ్యవధి ఉంది.

ఐదు రోజులు ఆగింది. ఆరో రోజు పొద్దున్నే వచ్చింది. డాక్టరమ్మ లేదు. శిక్షణకి వెళ్ళింది — ఈ కొత్త నియమాల మీదే శిక్షణ. ఒక్క రోజన్నారు. ఆ తర్వాత సెలవు. ఆ మర్నాడు కరెంటు లేదు, జనరేటరు ఆపరేషన్ గదికి మాత్రమే.

తప్పు ఎవరిదీ కాదు.

రోజూ వచ్చి బల్ల మీద కూర్చునేది. ఒళ్ళో ఏదో ఒక చొక్కా, గుండీలు కుట్టుకుంటూ. పిలిస్తే లేద్దామని సూది పైకే పట్టుకుని ఉండేది. ఆయా మంచినీళ్ళు ఇచ్చేది. సాయంత్రం లేచి వెళ్ళిపోయేది. మొదటి స్కానింగు నుంచి ఎనిమిది రోజులు అలా గడిచాయి.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ వచ్చింది. సంతకం రోజున మళ్ళీ కొలవాలి కదా.

స్కానింగక్క సీసా రుద్దింది. జెల్లు వేసింది. టైలరమ్మ ఉలిక్కిపడలేదు. ఒళ్ళంతా అప్పటికే బిగుసుకుపోయి ఉంది.

తెరని ఆమె వైపు తిప్పింది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి ఉంచాలని నియమంలో లేదు.

చప్పుడు పెట్టింది. టకటక, టకటక... నిమిషం.

టైలరమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కో తెలియలేదు.

ఇక కొలత. తల దగ్గర ఒక చుక్క. వెన్ను చివర ఒక చుక్క. మధ్య గీత. గీత ఎన్ని మిల్లీమీటర్లో యంత్రం చెప్తుంది, దాన్నిబట్టి వారాలు కడుతుంది.

యాభై ఏడు.

పన్నెండు వారాల రెండు రోజులు.

యాభై నాలుగు దాటితే తలుపు మూసుకున్నట్టే. మూడు మిల్లీమీటర్లు... బియ్యపు గింజలో సగం. గోరు మీద తెల్లటి అంచు.

ఆమె చెయ్యి పొట్ట మీదే ఆగిపోయింది. దాంతో టైలరమ్మకి అర్థమైనట్టుంది. కళ్ళు మూసుకునే అంది:

“నేనూ కొలతలు తీసేదాన్నే అక్కా. ఊపిరి బిగబడితే ఒక కొలత. వదిలితే ఒక కొలత. నిజం ఏదని అడిగితే రెండూ నిజమే అంటాను.”

స్కానింగక్క వేలు మీట మీద ఉంది.

లోపలున్నది ఎప్పుడూ ఒకేలా ఉండదు. సాగుతుంది. ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు కొలిస్తే తక్కువ చూపిస్తుంది. అందుకే సాగేదాకా ఆగాలి. కొత్తగా పనిలో చేరిన ఎందరో పిల్లలకి ఆమే నేర్పింది. వంగి ఉన్నప్పుడు తీయకండమ్మా, తొందరపడకండి, ఆగండి. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ఆగింది.

తెర మీద అది మెల్లగా ముడుచుకుంది. చలేసినట్టు. మోకాళ్ళు పైకి, గడ్డం కిందికి.

మీట నొక్కింది.

బొమ్మ నిలిచిపోయింది. ఒక చుక్క. ఇంకో చుక్క. యాభై మూడు.

ధైర్యం వచ్చిందేమోనని తనలో వెతుక్కుంది. లేదు. ఇంకో పిల్ల పై వార్డుకి వెళ్ళిందన్న మాట వినే ఓపిక లేదు, అంతే.

డాక్టరమ్మ బొమ్మని వెలుతురుకి పెట్టి చూసింది. ఇద్దరూ పదిహేనేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. ఒకరి మౌనం ఒకరికి తెలుసు.

“వంగి ఉంది.”

“అవునండీ.”

“మళ్ళీ తీద్దామా?”

గోడ మీద గడియారం. బయట బల్ల మీద ఎవరిదో దగ్గు.

“ఇవాళ నా చెయ్యి నొప్పిగా ఉందండీ.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. బొమ్మని ఇంకోసారి చూడలేదు. సంతకం పెట్టింది. పెన్ను మూత పెడుతూ, “కాస్త వేడినీళ్ళ కాపడం పెట్టుకో” అంది.

ఆ బొమ్మ సంగతి ఆ తర్వాత ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు టైలరమ్మకి పని అయిపోయింది. సాయంత్రానికి వాళ్ళాయన వచ్చి ఆటోలో తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు స్కానింగ్ గది తలుపు దగ్గర నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. సంతోషం కాదు. దుఃఖమూ కాదు. చాలా దూరం మోసిన బరువు దించాక భుజం కాసేపు ఇంకా మోస్తున్నట్టే ఉంటుంది చూడండి — అలా ఉంది.

ఆ రాత్రి స్కానింగక్క బాగానే నిద్రపోయింది. తెల్లవారి లేచాక, నిద్రపోయినందుకు సిగ్గుపడింది.

నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. ఆరు నెలల బొమ్మలన్నీ పంపాలి. తనిఖీకి ఒక కమిటీ వేశారు. ఐదుగురు. వాళ్ళలో యంత్రం ముందు ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళు ఎందరో ఉత్తరంలో లేదు.

నలభై ఆరు బొమ్మలు.

తేదీల వరసలో పేర్చింది. ఆ ఒక్కటి దగ్గర చెయ్యి ఆగింది. తీసి చూసింది. గడ్డం కిందికి, మోకాళ్ళు పైకి. తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. తెలియనివాడు అంకె చూసి పక్కన పెడతాడు. చింపేయొచ్చు... కానీ యంత్రంలో దీని నకలు ఉంటుంది. వరసలో ఒకటి లేకపోతే అదీ తెలుస్తుంది.

మళ్ళీ దాని చోట్లోనే పెట్టింది.

గుమాస్తా కవరు అంటించాడు. “అక్కా, ఏమైనా రాయాలా? ఇక్కడ వివరణ అని ఒక గడి ఉంది.”

“ఎంత పెద్దది?”

“రెండు గీతలు.”

“వదిలెయ్.”

వదిలేశాడు. లక్క వేశాడు. బల్ల అంచున పెట్టాడు. పోస్టు బండి వచ్చేదాకా అది అక్కడే ఉంది. ఆయా దాని పక్కనే టీ గ్లాసు పెట్టి తాగింది.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడింది. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు. మంచి మనుషుల్లాగే ఉన్నారు. ఒకాయన ఒళ్ళో పిల్లల చాక్లెట్ల పొట్లం. పేపరు సగం మడిచి వాదించుకుంటున్నారు.

“పన్నెండెందుకండీ? పది చాలు.”

“కాదండీ, పద్నాలుగైనా ఇవ్వాలి. పాపం వాళ్ళకీ టైము కావాలి కదా.”

“పోనీ పదకొండు.”

కూరగాయల దగ్గర బేరం ఆడినట్టు... కోపం కూడా రాలేదు. కోపానికి కాస్త బలం కావాలి.

ఇల్లు ఇంకో స్టాపు దూరం ఉంది. అయినా దిగిపోయింది.

వాన వచ్చి వెలిసింది. రోడ్డు పక్క దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి. మూసిన దుకాణాల మెట్ల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె నెమ్మదిగా నడుస్తోంది. ఎవరూ ఏదీ కొలవమనని దారి... ఒక్క స్టాపు మేర.

బస్సు బురద చిమ్ముకుంటూ ఆమెని దాటిపోయింది. తెరిచిన కిటికీలోంచి ఎవరిదో గొంతు, ఏదో అంకె చెప్పింది.

అది ఎంతో, సరిగ్గా వినపడలేదు.