వరస అడిగిన శుక్రవారం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే చదివేవాళ్ళు మన్నించాలి. నాలుగు మాటలు రాసేసరికి కుక్కర్లో పప్పు ఉడికిపోతుంది, అంత నిదానం నా చెయ్యి. ఇందులో కొంత, కువైట్‌లో ఆ తోట యజమాని ఇంట్లో పనిచేసే రోజుల్లో నేను చూసింది. ఎక్కువ భాగం పాల్‌రాజు గారు చెప్పగా విన్నది. మిగిలింది ఆ మనుషుల్ని ఎరిగినదాన్ని గనక రాశాను.

హుస్సేన్ వలి ఒక్కో డబ్బానూ పైకి తీసి, మొక్క మొదట్లో పేరుకున్న ఇసుకను రెండు వేళ్ళతో పక్కకు తోసి, మళ్ళీ డబ్బాను మొక్క చుట్టూ దించుతున్నాడు. అవి అడుగు తీసేసిన పాలపొడి డబ్బాలు. కబ్ద్ ఎడారిలో గాలి లేస్తే లేత టమోటా మొక్క నిలబడదు. అందుకని మొక్కకొక డబ్బా చొప్పున గోడ కట్టాడు. కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న ఆ తోట యజమాని, మొదటిసారి చూసి, ఇది తోటా, పాత సామాన్ల కొట్టా అని నవ్వాడు. ఆ ఏడాది కాయలు తిన్నాక నవ్వడం మానేశాడు. పట్నంలోని తన ఇంట్లో ఖాళీ అయిన డబ్బాలు పారెయ్యొద్దని పనివాళ్ళకు చెప్పాడు.

అది పందొమ్మిది వందల ఎనభై నాలుగు, ఫిబ్రవరి నెలలో ఒక శుక్రవారం. వలికి యాభై పైబడ్డాయి. పొట్టి మనిషి. ఎండకు మెడ వెనక తోలు ఎండిన వంకాయలా ముడతలు పడింది. కుడిచేతి బొటనవేలు గోరు ఎప్పుడో పారదెబ్బకు పోయి మళ్ళీ వంకరగా మొలిచింది. మడిలోనుంచి లేచేటప్పుడు ఈమధ్య ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుంటున్నాడు. ఎవరైనా చూస్తే దుమ్ము దులుపుకున్నట్టు చేసేవాడు.

"లెగవయ్యా, టీ చల్లారిపోతంది." పాల్‌రాజు రేకుల గది గుమ్మంలోంచి కేకేశాడు. నరసాపురం దగ్గరి మనిషి. పొడుగు, గూని, నోటి నిండా నవ్వు.

"ఈ రెండు మొక్కలు అయిపోనీప్పా."

"నీ అన్న కొడుకు ఎప్పుడొత్తాడు?"

"నమాజు అయినాంక వస్తానన్న్యాడు."

"ఏం చెప్తావేటి?"

వలి వచ్చి టీ గ్లాసు అందుకుని ఊదుకుంటూ కూర్చున్నాడు.

"నాకేం బెంగ లేదులే. నువ్వెళ్ళినా మేకలుంటాయి. నీకన్నా అయ్యే బాగా మాటాడతాయి," అన్నాడు పాల్‌రాజు. నవ్వాడు గానీ తన గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

అన్న కొడుకు అన్వర్ బాషాకు పట్నం వైపు, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో టైలర్ షాపుంది. చిన్నాయన్ని తన దగ్గరికి తీసుకుపోతానని కిందటి వారమే కబురు చేశాడు. కఫీల్‌తో మాట్లాడాడు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, అన్వర్ దగ్గరికి మార్చడానికి కఫీల్ ఒప్పుకున్నాడు. ఇక వలి ఊ అనడమే మిగిలింది. ఊ అంటే ఈ రేకుల గది, ఈ మడులు, ఈ టీ అన్నీ ఇవాళ్టితో సరి.

వలిది రాయచోటి పక్క దూదేకుల ఇల్లు. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి, మాట పెగలని పిల్లవాడిగా పెరిగాడు. పెళ్ళి చేశారు. ఆ పిల్ల పేరు అమీర్‌బీ. మంచిది, చురుకైనది. ఆమె మనసు బండి తోలే ఒక కుర్రవాడి మీద ఉందని వలికి మూడో ఏడు తెలిసింది. తన మనసు ఆమె మీద నిలవడం లేదని అంతకుముందే తెలుసు. జమాతు పెద్దల ముందు నిలబడి తలాక్ ఇచ్చాడు. నువ్వసలు మగోడివేనా అని అడిగారు. "ఆమె మనసు ఆడుంటే, ఈడ కట్టేసేకి ఆమేమన్నా గొడ్డా?" అన్నాడు. జమాతులో అతను మాట్లాడింది అంతే. అమీర్‌బీ రెండో పెళ్ళికి వలి స్వయంగా వెళ్ళి భోజనం చేసొచ్చాడు. ఊరు నవ్వింది. ఆ నవ్వు వినలేకే డెబ్బై ఆరులో కువైట్ వచ్చి ఈ తోటలో పడ్డాడు.

పాల్‌రాజు అప్పుడు చమురు బావుల ఊరు అహ్మదీలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో వంటవాడు. చల్లటి గది, వేడినీళ్ళు, వారానికి రెండుసార్లు కోడి. తోటకు కూరగాయల కోసం వచ్చేవాడు. గోంగూర చూసి ఆగేవాడు. తర్వాత గోంగూర లేని నెలల్లో కూడా రావడం మొదలుపెట్టాడు. ఇంజనీరు దేశం వెళ్ళిపోయినప్పుడు ఇంకో బంగళాలో పని దొరికింది. దాన్ని వదిలి, తోటలో మేకల పనికి కుదిరి, ఒక ట్రంకు పెట్టెతో ఈ రేకుల గదికి వచ్చాడు. అప్పట్నుంచి చలికాలంలో ఇద్దరికీ ఒకటే కంబళి.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం పాల్‌రాజు చెప్పాడు: "మా ఇంజనీరు దొర ఒకాయన సంగతి చెప్పేవోడు. రాణిగారి కాలంనాటి ఇంగ్లీషాయనంట. బాగా కలిగినోడు, బాగా సదూకున్నోడు. అయ్యన్నీ ఒదిలేసి పల్లెలో కూరగాయలు పండించుకుని, తన చెప్పులు తనే కుట్టుకుని బతికేడంట. ఇంటినిండా సామాన్లెట్టుకుంటే మనం ఆటికి నౌకర్లమైపోతాం అనేవోడంట."

"పెండ్లాం?"

"లేదు. ఒక కూలోడితో కలిసి ఉన్నాడంట. మనలాంటోడే. ముసలోళ్ళయ్యేదాకా."

వలి చేతిలో పని ఆగింది. "ఊరోళ్ళు ఊరకే ఉన్న్యారా?"

"తిట్టినోళ్ళు తిట్టారంట. ఈయన పుస్తకాలు రాసేడు. మగోళ్ళయినా ఆడోళ్ళయినా ఎవరితో బతకాలో ఆళ్ళే తేల్చుకోవాలి, దానికి ఇంకోడి ముద్ర అక్కర్లేదని."

వలి మళ్ళీ పనిలో చెయ్యి పెట్టి, "ఆయనకేంలేప్పా. కఫీల్ లేడు!" అన్నాడు.

ఇద్దరూ మేకలు బెదిరేలా నవ్వారు. కానీ ఆ మాట వలిలో ఉండిపోయింది. నీళ్ళ ట్యాంకరు వాడు పారేసిన టైరు తెచ్చి, పాల్‌రాజు పాదం ఇసుకలో వత్తించి, ఆ అచ్చు చూసి చెప్పులు కోశాడు. బతుక్కి ఏం కావాలో లెక్క కుదిరినట్టే ఉండేది. ఒక్క చోట మాత్రం కుదిరేది కాదు. మన తెలుగువాళ్ళు పరాయి దేశంలో కలిస్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత వరస కలుపుతారు. అన్నో, బావో, మామో ఏదో ఒకటి అనుకుంటే గానీ అన్నం ముద్ద దిగదు. పాల్‌రాజు నీకేమవుతాడని ఎవరడిగినా వలి "పనిలో తోడు" అని తల దించుకునేవాడు. అలా అన్న రోజు పాల్‌రాజు కాస్త తక్కువ మాట్లాడేవాడు.

నడినెత్తి ఎండ కాస్త వాలాక అన్వర్ బాషా పికప్‌లో దిగాడు. సఫారీ చొక్కా, చేతిలో అరటిపండ్లు.

"చిన్నాయనా, గుడ్డలు సర్దుకున్న్యావా? యల్లా, బండి తిప్పి పెట్టినా."

"కూచో అన్వరూ. అన్నం తిందువు."

"తింటాలే. గుండీలు కుట్టుకుంటా అంగట్లో నీడపట్టున కూచుందువు. ఆస్పత్రి దగ్గరే. రొమ్ము పట్టేస్తే ఈ ఇసకలో ఎవురున్న్యారు నీకు?"

"పాల్‌రాజున్న్యాడు."

అన్వర్ గొంతు తగ్గించాడు. "అదే గదా. రూములో మనోళ్ళు అడుగుతాండారు, ఆయప్ప మీకేం వరస అని. అన్న అందామంటే మనోడు గాదు. బావ అందామంటే మనకీ కిరస్తానోళ్ళకీ పొత్తు లేదు. నవ్వుతాండారు చిన్నాయనా. నేనేం జెప్పల్ల?"

గదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది.

వలి తన వంకర గోరు వైపు చూసుకున్నాడు. పనిలో తోడు అన్న మాట నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేశాడు.

"అమీర్‌బీని ఇడిసిపెట్టినపుడు ఊరంతా నవ్వింది అన్వరూ. మీ నాయన గూడా. ఆ నవ్వుకే గదా ఇంతదూరం వచ్చింది. ఇంగ యాడికి పోదును? పాల్‌రాజు నాకు ఏ వరసా గాదు. నాకు కావాల్సినోడు. ఆయప్పతో బతుకుతాండా. ఈడ్నే ఉంటా."

"అడిగినోళ్ళకు ఇదే జెప్పమంటావా?"

"జెప్పు. సిగ్గయితే, నాకు చిన్నాయన లేడని జెప్పు."

అన్వర్ మొహం ఎర్రబడింది. అరటిపండ్లు గుమ్మంలో పెట్టి బండెక్కాడు. అన్నం తిని పొమ్మంటే ఆకలి లేదన్నాడు. రాయచోటి పక్క ఆ మాట తిట్టు కన్నా పెద్దది.

దుమ్ము సర్దుకున్నాక పాల్‌రాజు బయటికొచ్చాడు. కళ్ళు తుడుచుకుని, "కూర మాడిపోయింది వలీ," అన్నాడు.

"చెవులు ఈడా, కూర ఆడా పెడితే మాడదా?"

మాడిన గోంగూరే ఇద్దరూ కలుపుకుని తిన్నారు. వలి మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

గది వెనక రేగుచెట్టు కింద, ఎవరో పారేసిన షెవర్లే కారు వెనక సీటు ఒకటి ఉండేది. పగలు పనయ్యాక ఇద్దరూ దానిమీదే కూర్చునేవాళ్ళు. వలి అక్కడికి నడిచి, తనవైపు ఒరిగి కూర్చుని, "మేకలకు నీళ్ళు నువ్వు పెట్టుప్పా, రవ్వంతసేపు కండ్లు మూస్తా," అన్నాడు. పాల్‌రాజు నీళ్ళు పెట్టాడు. టీ కాచాడు. గ్లాసులు తీసుకుని వచ్చేసరికి వలి చెయ్యి రొమ్ము మీద ఉంది. ముఖం మాత్రం హాయిగా ఉంది. పిలిస్తే పలకలేదు.

కాగితాల పని కఫీల్ చూశాడు. మర్నాడు ఖబరస్తాన్ దగ్గర స్నానం పోసే గదికి అన్వర్, ఇద్దరు రాయచోటి పెద్దలు వచ్చారు. రాత్రంతా ఏడ్చినట్టు అన్వర్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పోయిన మనిషికి నీళ్ళు పోసేది అయినవాళ్ళు. పాల్‌రాజు బయట, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. బయటోళ్ళు ఈడ్నే ఉండల్ల అని ఒక పెద్దాయన ముందే చెప్పి లోపలికి పోయాడు.

కాసేపటికి అన్వర్ చేతులు పైకి మడుచుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"చిన్నాయనా, చేతులు కడుక్కోని రా."

ఎవర్ని పిలిచాడోనని పాల్‌రాజు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నిన్నే చిన్నాయనా. పాదాలకు నువ్వు పోయల్ల."

పెద్దాయన ఏదో అనబోయాడు. అన్వర్ అతనికేసి చూడలేదు. చెంబు తీసి పాల్‌రాజు చేతిలో పెట్టాడు.

పాల్‌రాజు ఆ తోటలో ఇంకో ఐదేళ్ళు పనిచేశాడు. రేగుచెట్టు కింద సీటు అలాగే ఉండేది. ఆయన తనవైపే కూర్చునేవాడు. రెండోవైపు మనిషి ఒరిగిన గుంటలో గాలికి ఇసుక చేరి నిండేది, ఆయన దులిపేవాడు, మళ్ళీ నిండేది.

ఎలీసమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, మొగల్తూరు.