పాలు ఇంకిపోతాయని

సింధూజ పుంగనూరు ఇంటి పెరట్లో బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే ఉషారాణి ఫోన్ చేసింది. ఊరవతల బట్టల ఫ్యాక్టరీలో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు.

“ఏమ్మే, నిన్ను తీసేసినారంట గదా! అప్పీలు పెట్టినావా?”

“నన్నా? కాన్పు సెలవులో ఉండేదాన్ని యాల తీస్తారు?”

“కడుపుతో ఉండేవాళ్లు టార్గెట్ అందుకోలేరంట. రిజిస్టర్ పోస్టులో లెటర్ పంపినారు. అరవై దినాల్లో మదనపల్లె లేబరాఫీసులో అప్పీలు పెట్టుకోవల్ల.”

బిడ్డకు ఆ రోజుకు డెబ్బై అయిదు రోజులు. ఫ్యాక్టరీవాళ్లు ఉత్తరం పంపింది బిడ్డ పుట్టిన వారంలోనేనట.

అత్త రమణమ్మ గుసగుసలాడితే కుప్పం స్టేషన్లో రైలు ఆగి వింటుందని వీధిలో చెప్పుకుంటారు. పక్కింటి కోడి ఎన్ని గుడ్లు పెట్టిందో ఊరంతా చాటిన ఆ నోరు, ఈ ఒక్క మాటకు మాత్రం రెండున్నర నెలలు కుట్లు వేసుకుంది.

నిలదీస్తే భర్త మురళి బీరువా మీది నుంచి కవరు తీసిచ్చాడు. “పచ్చి బాలింతవి. వింటే పాలు ఇంకిపోతాయని అమ్మ అనింది. నీ మంచికే గదా.”

పాలట! బాత్రూముకు పోయొచ్చే నిమిషాలను సూపర్‌వైజర్ గడియారం పట్టుకుని అరిచి చెప్పాడని ఇంట్లో చెప్పుకున్నప్పుడు లేని దిగులు. “కూసోని కుట్టేదానికి ఏం కష్టం” అని అత్త తొమ్మిదో నెల దాకా పనికి పంపినప్పుడు లేని దిగులు. కాన్పయిన పదో రోజు నీళ్ల బిందె ఎత్తించినప్పుడు ఇంకని పాలు, కాగితం చదివితే ఇంకిపోతాయా? “ఇంక ఇంట్లోనే గదా ఉండేది” అంటూ అత్త మొన్న ఇంకో ఆవును తోలుకొచ్చి కొట్టంలో కట్టించింది. ఆ మాటకు అర్థం తనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసన్నమాట.

సింధూజ మళ్లీ ఉషారాణికి ఫోన్ చేసింది. “గడువు దాటిపోయిండాది కదే.”

“నీకు తెలిసిన దినం నుంచి లెక్కంట. ఇన్నాళ్లు యాల తెలీలేదో రాయల్ల.”

ఫోన్ స్పీకర్లో విన్న మురళి మాట అందుకున్నాడు. “పోస్టోడు పారేసినాడని రాయి.”

“రిజిస్టర్ పోస్టు గదా, తీసుకున్నట్టు రసీదు మీద నీ సంతకముంటాది.”

“మొగుని పేరు ఆఫీసుకెక్కిస్తావా? సిగ్గుండాదా నీకు?” అంది రమణమ్మ.

సింధూజ చేతులు తుడుచుకుని కూర్చుని రాసింది. ‘ఉత్తరం నా భర్త మురళి సంతకం చేసి తీసుకున్నాడు. మా అత్త రమణమ్మ మాట విని దాచాడు. ఈరోజే నా చేతికిచ్చాడు.’ కాగితం మురళి ముందుకు జరిపి కలం అందించింది.

“సదివి కింద సంతకం పెట్టప్పా. సాక్షివి నువ్వే.”