ఉప్పందించిన తమ్ముడు

రోడ్ల ఆఫీసులో ఆవిడ పని లెక్కపెట్టడం. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బళ్ళలో ఎవరు సీటు బెల్టు పెట్టుకున్నారో, ఎవరు పెట్టుకోలేదో కాగితం మీద గీతలు గీయాలి. అంతే. జరిమానాలతో ఆవిడకు సంబంధం లేదు. జనం నమ్మితేగా! చేతిలో కాగితం ఉన్న మనిషంటే అందరికీ హడలే. లెక్కలక్క అని పేరు కూడా పెట్టారు.

ఆ నెల లెక్క చూసి ఆఫీసరు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బెల్టు పెట్టుకున్నవాళ్ళు పట్నం కూడలిలో వందకు డెబ్బై మంది. పల్లె దారిలో వందకు వంద.

"ప్రమాదాల్లో ఎక్కువమంది పోయేది ఆ పల్లె దారిలోనే కదమ్మా? అందరూ ఇంత బుద్ధిమంతులైతే మరి చచ్చేదెవరు?" అన్నాడు.

లెక్కలక్కకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పల్లె దారిలో, పంక్చర్లు వేసే ముసలాయన కొట్టు పక్కనే కూర్చుంది. ఇంతలో ఆయన ఫోను మోగింది. ముసలాయనకు చెవుడు, అందుకని స్పీకరు పెట్టాడు.

"బాబాయ్, మా అక్క ఇవాళ నీ కొట్టు దగ్గరే. మనవాళ్ళందరికీ బెల్టులు బిగించమని చెప్పు!"

పాలవ్యాను నడిపే సొంత తమ్ముడి గొంతు. పొద్దున్నే తన చేతి టీ తాగి, "ఇవాళ ఎటక్కా డ్యూటీ?" అని అంత ప్రేమగా అడిగింది ఇందుకన్నమాట! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ పట్టేసింది.

ఆ తరవాతి రోజు "పట్నంలో డ్యూటీరా" అని తమ్ముడికి చెప్పి, పల్లె దారిలోని పిండిమర కిటికీ వెనక నక్కింది. కనుబొమలు కూడా పిండితో తెల్లబడ్డాయి. అరవై రెండు బళ్ళు పోతే బెల్టులు కనిపించింది మూడింట్లో. అరవై మూడోది పాలవ్యాను. తమ్ముడు ఒంటిమీద బెల్టు లేకుండా, ఈల వేసుకుంటూ దూసుకుపోయాడు.

సాయంత్రం మాటల్లో మాటగా అడిగింది. "పట్నంలో బెల్టు పెట్టుకుంటావుగా, ఇక్కడెందుకు పెట్టుకోవురా?"

"అక్కడ అడుగడుగునా పోలీసులక్కా. ఇక్కడేముంది, ఖాళీ రోడ్డు!"

"ఖాళీ అనేగా ఆ స్పీడు! దెబ్బ తగిలితే ఆసుపత్రికి గంట ప్రయాణం."

"నువ్వూ నీ అపశకునం మాటలూ!"

సరే, మాటతో వినని వాడికి మంత్రం వేరే ఉంది. "ఎవరికీ చెప్పకు గానీ, రేపు కల్వర్టు దగ్గర పొదల చాటున ఉంటా" అంది. తెల్లారేసరికి ఆ రహస్యం దారి పొడుగునా పాకిపోయింది. మర్నాడు చెరకుతోట మలుపన్నది. ఆ మర్నాడు మళ్ళీ కల్వర్టు. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేది. పదిహేను రోజులు పల్లె దారంతా పొదలకేసి భయంగా చూస్తూ బెల్టులు బిగించుకుంది.

పదహారో రోజు వాన. ఉదయం పదింటికి తమ్ముడి ఫోను.

"అక్కా, బయటికి రా! చూశావుగా, వచ్చి లాగు!"

"ఎక్కణ్ణుంచి రానురా? ఆఫీసులో ఉన్నా."

"ఆఫీసులోనా? కల్వర్టు దగ్గరన్నావుగా! వ్యాను జారి కాలవలో పడింది. తలకిందులుగా బెల్టుకి వేలాడుతున్నా!"

ఆవిడ ఫోను పట్టుకునే ఆఫీసరు గదిలోకి పరుగెత్తింది. ఆఫీసరే జీపు తీశాడు. వాళ్ళు చేరేసరికి పంక్చర్ల ముసలాయన బెల్టు కోసి అతన్ని బయటికి లాగేశాడు. నెత్తి నుంచి పాలు కారుతూ, ఛాతీ మీద అడ్డంగా కమిలిన గీతతో తమ్ముడు గట్టు మీద కూర్చున్నాడు.

"అబద్ధమాడతావా అక్కా? పదిహేను రోజులు అనవసరంగా బెల్టు..."

అంటూ వ్యాను వైపు చూశాడు. ముందద్దం ఉండాల్సిన చోట పెద్ద బొక్క. ఛాతీ మీది గీతను మెల్లగా తడుముకున్నాడు. ఆవిడ అతని వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే వాటేసుకుంది.

"అబ్బా, అక్కడే నొప్పి!" అని ఏడ్చాడు, నవ్వాడు.

జీపు వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆఫీసరు ఇంజను ఆన్ చేసి, బండి కదపకుండా అద్దంలోంచి చూస్తున్నాడు.

"వెనక సీట్లో కూడానా అక్కా?"

"వెనక సీట్లో కూడా" అంటూ, గీత ఒరుసుకోకుండా తన శాలువా మడిచి అడ్డుపెట్టి, ఆవిడే బెల్టు బిగించింది.