ప్రేమానందం గారి గొంతు

అరిజోనాలోని చాండ్లర్ తెలుగు చర్చిలో ప్రేమానందం గారి గొంతు గురించి చెప్పుకునే కథల్లో సగం నిజం, తక్కిన సగం చెప్పేవాళ్ళ ధర్మం. ఒక ఆదివారం ఆయన ప్రార్థనలో ఉండగా ఫైర్ అలారం మోగిందట. ఆయన ఆమెన్ అనేదాకా ఒక్కరూ కదల్లేదట. ఆఖరికి ఫైరింజన్ వాళ్ళు కూడా టోపీలు తీసి చేత్తో పట్టుకుని వరసగా నిలబడ్డారట.

అంతటి గొంతూ మార్చిలో మూగబోయింది.

కొడుకు జూడ్‌కి మాత్రం ఆ గొంతు అచ్చుగుద్దినట్టు వచ్చు. చర్చి పిక్నిక్‌లో బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి, ఓసారి దగ్గి, "ప్రైజ్ ద లార్డ్ అండీ!" అన్నాడంటే ఆడామగా పొట్టలు పట్టుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వేది ప్రేమానందం గారే.

ఆ విద్య ఏప్రిల్‌లో పనికొచ్చింది. పెద్దాయన టాక్స్ రిటర్న్ సగం నింపి పోయాడు. ఆ సగమూ ఆన్‌లైన్ అకౌంట్‌లో ఇరుక్కుపోయింది. పాస్‌వర్డ్ ఆయనతోపాటే వెళ్ళిపోయింది. గడువేమో ముంచుకొస్తోంది. మనిషి పోయాడంటే కాగితాలడుగుతారు, కోర్టంటారు. బతికే ఉన్నాడంటే నాలుగు ప్రశ్నలతో తేలిపోతుంది. కంప్యూటర్ చిప్పుల కంపెనీలో మేనేజరు కదా, జూడ్ దగ్గరదారి చూసుకున్నాడు. గది తలుపు చేరేసి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, దగ్గాడు.

"దిస్ ఈజ్ ప్రేమానందం స్పీకింగ్, అమ్మా. ఐ ఫర్గాట్ మై పాస్‌వర్డ్. ఓల్డ్ మ్యాన్, వాట్ టు డూ?"

అవతలి పిల్ల నవ్వింది. పుట్టినరోజు అడిగింది, చెప్పాడు. మొదట చదివిన బడి పేరు అడిగింది, అదీ చెప్పాడు. ఊపొచ్చేసింది. ఆవిడ అడగని మోకాళ్ళ నొప్పులు కూడా చెప్పుకున్నాడు. హాల్లో సీరియల్ అత్తగారి అరుపులు ఠక్కున ఆగిపోయాయి. జూడ్ పట్టించుకోలేదు. హోల్డ్‌లో పెట్టిన పాటకి కాలు ఆడిస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. వాళ్ళమ్మ విమలకుమారి గారు. చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు, చంకలో రిమోటు. భర్త ఫోన్‌లో ఉంటే టీవీ నోరు నొక్కడం, టీ పెట్టి తేవడం ఆవిడకి కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటు.

ఆవిడ కుర్చీ వైపు చూసింది.

"నువ్వా," అంది.

"మమ్మీ, అదీ... పాస్‌వర్డ్ కోసమని..."

"గొంతు వినబడగానే చేతులు టీ పెట్టేశాయిరా. ఆయన లేడని బుర్రకి తెలుసు. చేతులకింకా తెలీలేదు."

అరిజోనాలో అంత ఎడారి ఉంది గానీ, సిగ్గుతో చచ్చిన మనిషొకడు దూరేంత పగులు ఆ క్షణాన జూడ్‌కి ఎక్కడా దొరకలేదు.

పాట ఆగింది. "మిస్టర్ ప్రేమానందం? ఆర్ యు దేర్, సర్?"

"పిలుస్తోందిగా. పలుకు," అంది విమలకుమారి గారు. "ఏమని పలుకుతావో పలుకు."

"నో," అన్నాడు జూడ్. ఈసారి సొంత గొంతే. పిల్లి కూన కూడా అంతకంటే గట్టిగా అరుస్తుంది. "మై ఫాదర్ పాస్డ్ అవే. ఐయామ్ హిజ్ సన్. ఐ లైడ్ టు యు. సారీ."

ఆ పిల్ల నెమ్మదిగా సంతాపం చెప్పింది. ఆ అకౌంట్ ఇక తెరవడం కుదరదంది. భార్యాభర్తలు కలిపి వేసే జాయింట్ రిటర్నేనా, భార్య ఉన్నారా అని అడిగింది. ఉంటే ఆవిడ పేరున కొత్త అకౌంట్ తెరిచి, ఆవిడే సంతకం పెట్టి పంపొచ్చట. కోర్టూ లేదు, గీర్టూ లేదు.

స్పీకర్‌లో అంతా విన్న విమలకుమారి గారు కొడుకు వైపు తిరిగింది.

"ఏటా ఆయన పక్కన కూచుని సంతకం పెట్టేది నేనేగా. పోయినాయన్ని బతికించే బదులు నన్నొక్క మాట అడగొచ్చుగా, నాయనా? నేను బతికే ఉన్నాగా!"

ఆవిడ ఫోన్ అందుకుంది. "యెస్ మేడమ్. ఐయామ్ వైఫ్. మై హజ్బెండ్ ఈజ్... నో మోర్."

సమాధి దగ్గర కూడా ఆ మాట ఆవిడ నోట రాలేదు.

ఫోన్ అయ్యాక గ్లాసు జూడ్ ముందుకు జరిపింది. "తాగు. పారబోస్తే పాపం."

ఒక గుక్క తాగాడు. షుగరున్న మనిషికని పెట్టిన టీ. చక్కెర పలుకు లేదు. మూడు చెంచాలు పడందే గ్లాసు ముట్టని జూడ్, చక్కెర అడుగుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అడిగితే ఎవరి గొంతు వస్తుందోనని భయమేసింది. చల్లారేదాకా కూచుని, గ్లాసంతా తాగాడు.